ఇరవై ఎక్కడ, ఆరెక్కడ?

అందరికీ నమస్కారం. మైకు దొరికింది కదా అని గంటసేపు వాయించను, ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

కొన్నేళ్ళ క్రితం యువ పరిశోధకుల అవార్డు కమిటీలో కూర్చున్నా. ఎవరి అవార్డో అడక్కండి. సైన్సు శాఖలన్నిటికీ కలిపి ఒక్కటే అవార్డు, మా ముందు ఒక ఎక్సెల్ షీటు. బయోకెమిస్ట్రీ అబ్బాయికి హెచ్-ఇండెక్స్ 20, గణితం అమ్మాయికి 6. "ఇరవై ఎక్కడ, ఆరెక్కడ" అన్నారు ఒక పెద్దాయన, అంతే, టీ వచ్చేలోపు తేలిపోయింది. నేనూ నోరు మెదపలేదు.

హెచ్-ఇండెక్స్ అంటే ఏంటో మీలో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ళ కోసం: మీ పేపర్లలో కనీసం 6 పేపర్లకు ఒక్కోదానికి 6 సైటేషన్లు (అంటే వేరే పేపర్లు దాన్ని రిఫరెన్సుగా చూపించడం), అంతకంటే ఎక్కువో ఉండి, ఏడుకు ఏడు మాత్రం కుదరకపోతే మీ హెచ్ 6. 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దీన్ని ప్రతిపాదించాడు. ఆ పేపర్లోనే ఉంది చూడండి, ఫిజిక్స్‌లో అందరికంటే పైన ఉన్న ఎడ్వర్డ్ విట్టెన్‌కి అప్పట్లో 110, జీవశాస్త్రాల్లో పైన ఉన్న సాలమన్ స్నైడర్‌కి 191. అంటే స్నైడర్ విట్టెన్ కంటే దాదాపు రెండింతల శాస్త్రవేత్తా? కాదు, రంగాలు వేరు అని హిర్షే చెప్పాడు. మనవాళ్ళు అంకె తీసుకున్నారు, ఆ మాట అక్కడే వదిలేశారు.

రంగాన్ని బట్టి ఎందుకింత తేడా? బయాలజీలో ల్యాబులు పెద్దవి, చదివేవాళ్ళు ఎక్కువ, ఒక్కో పేపరు చివర రిఫరెన్సుల చాంతాడు. గణితంలో ఒకళ్ళో ఇద్దరో కూర్చుని ఏడాదికో రెండేళ్ళకో ఒక పేపరు రాస్తారు, అది అచ్చవడానికి ఇంకో ఏడాది, చివర పదిహేనో ఇరవయ్యో రిఫరెన్సులు. చెరువే చిన్నదైతే చేపలెక్కడివి?

మనవాళ్ళనే ఇద్దర్ని తీసుకుందాం. భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి రాశారు. ఎక్కడ ఏ ల్యాబులో భాస్వరం కొలిచినా ఆ పేపరు పేరు రాయాల్సిందే, అందుకే దానికి వేలకు వేల సైటేషన్లు. కణాలకు శక్తినందించే ఏటీపీ అనే అణువు మీద ఆయన చేసిన పనికి అన్ని లేవు, జీవకణం శక్తి సంగతి చెప్పేది మాత్రం అదే! ఇక వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్లో ఒక పేపరు వేశారు. క్రామర్-రావ్, రావ్-బ్లాక్‌వెల్, స్టాటిస్టిక్స్‌లో పేరుపడ్డ ఈ రెండు ఫలితాలూ అందులోవే. ఇప్పుడు స్టాటిస్టిక్స్ వాళ్ళు "రావ్-బ్లాక్‌వెల్ ప్రకారం" అని రాసేసి ముందుకెళ్ళిపోతారు, రిఫరెన్సు ఇవ్వాలని చాలామందికి తోచదు కూడా. పైథాగరస్‌కి ఎవరైనా సైటేషన్ ఇస్తారా? పని జనంలో కలిసిపోయాక లెక్కలోంచి మాయమైపోతుంది. 2023లో రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చినప్పుడు ఆ 1945 పేపర్నే పైకి తీశారు, డెబ్బై ఎనిమిదేళ్ళ తర్వాత.

మరి ఎలా పోల్చాలి? ఒక పేపరుకు వచ్చిన సైటేషన్లను అదే రంగంలో, అదే ఏడాది వచ్చిన పేపర్ల సగటుతో భాగించడం ఒక దారి. ఊరికే అనుకుందాం, గణితం పేపరుకు 12, ఆ రంగంలో సగటు 4, అంటే మూడు రెట్లు. బయాలజీ పేపరుకు 60, సగటు 40, ఒకటిన్నర రెట్లు. ఎక్సెల్ షీటులో 60 పైనుంటుంది, నిజానికి ముందున్నది 12. 2008లో ముగ్గురు పరిశోధకులు ఇలా భాగించి చూస్తే వేర్వేరు రంగాల సైటేషన్ల గీతలన్నీ దాదాపు ఒకేలా వచ్చాయి, నాకు భలే నచ్చిన ఫలితం.

దీనికీ తిరకాసులున్నాయి. ఒక్క పేపరుకు పదివేలు వస్తే సగటు మొత్తం పైకి పోతుంది, అందుకని పై పది శాతంలో ఉందా లేదా అని చూడటం మేలు. గణితానికీ బయాలజీకీ మధ్యలో పనిచేసేవాళ్ళని ఏ సగటుతో భాగిస్తారు? రచయితల సంఖ్య ఇంకో తిరకాసు. 2015లో హిగ్స్ బోసాన్ అనే ఫిజిక్స్ కణం ద్రవ్యరాశి పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు రచయితల పేర్లు, వాళ్ళ సంస్థల పేర్లే, సైటేషన్ మాత్రం అందరికీ ఫుల్లే. స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు అని మన కాలేజీలు ఫ్లెక్సీలు కట్టే జాబితా ఉంది చూశారా, అందులో రచయితల సంఖ్యా, వరసలో మీ పేరు ఎక్కడుందన్నదీ, మీ ఉపరంగమూ లెక్కలోకి వస్తాయి, హెచ్ ఒక్కదానికంటే చాలా నయం. కానీ ఫ్లెక్సీ మీద ర్యాంకు ఏ ఉపరంగంలోదో రాయరు, రాస్తే కొంచెం టెన్షన్ కాబోలు.

ఇంకోటి, గూగుల్ స్కాలర్ హెచ్‌ని స్కోపస్ (ఇంకో సైటేషన్ల డేటాబేస్) హెచ్ పక్కన పెట్టకండి. మొదటిది థీసిస్‌లనీ ప్రీప్రింట్లనీ (జర్నల్లో అచ్చవక ముందే పెట్టే పేపర్లు) కూడా లెక్కేస్తుంది కాబట్టి సాధారణంగా కాస్త ఉబ్బే ఉంటుంది.

ఆ రోజు మీటింగు అయ్యాక మనసు ఊరుకోక ఇంట్లో కూర్చుని ఆ అమ్మాయి పేపర్లు ఒక్కోటీ ఏడాదివారీగా తీసి చూశాను. రెండు పేపర్లు ఆ ఏడాది గణితంలో పై ఐదు శాతంలో ఉన్నాయి. అబ్బాయిది ఒక్కటీ లేదు. అప్పటికి ఫలితాలు వెబ్‌సైట్‌లో పెట్టేశారు.