హగరి ఇసుక: ముందు కంప, తర్వాతే మొక్క

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: నేలల శాస్త్రవేత్త, రాయదుర్గం ప్రాంత రైతు.)

సంధానకర్త: ఎడారి అనగానే మనకు రాజస్థానే గుర్తొస్తుంది. అనంతపురం జిల్లాలో ఇసుక దిబ్బలేమిటండీ?

రైతు: హగరి ఏటి ఇసుకే సార్. దర్గా హొన్నూరు, గోవిందవాడ వైపు రండి, చూపిస్తా. ఏట్లో నీళ్లుంటే ఇసుక తడిగా పడి ఉంటుంది. ఎండితే ఆషాఢం గాలికి గట్టు దాటి చేలో కూర్చుంటుంది. శెనక్కాయ విత్తితే మొలక మీదే మేట.

శాస్త్రవేత్త: హగరి అంటే వేదవతే. ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం ఆనకట్ట 1907 నాటిది, ఇటు భైరవానితిప్ప ఆనకట్ట ఉంది. వాటిని కట్టడం తప్పని అనను. కానీ వాన తక్కువైన ఏడు దిగువన ఏరు బోసిపోతుంది. గాలికి ఇసుక దొరికేది అప్పుడే.

సంధానకర్త: మొక్కలు నాటితే సరిపోదా మేడం?

శాస్త్రవేత్త: చస్తాయి. (నవ్వు) ఇవాళ మొక్క పూడిపోతుంది, రేపు వేరు బయటపడుతుంది. ముందు ఇసుక కదలకూడదు. అది చాలావరకు మోకాలి ఎత్తు లోపే గెంతుకుంటూ పోతుంది, అందుకే పెద్ద గోడలు అక్కర్లేదు. ఎండుకంప, కందికట్టె గాలికి అడ్డంగా వరసలుగా పాతితే చాలు. సందులు మాత్రం ఉండాలి. వాటిలోంచి దూరే గాలి నెమ్మదించి ఇసుకను అక్కడే దించేస్తుంది. చైనాలో టెంగర్ ఎడారి అంచున, షాపొటౌ దగ్గర, 1958లో మొదలైన రైలుమార్గాన్ని కాపాడింది మీటరుకు మీటరు గళ్లుగా ఇసుకలో పాతిన ఎండుగడ్డే. జోధ్‌పూర్ శుష్క ప్రాంత పరిశోధన సంస్థ కాజ్రీ పద్ధతీ అంతే: ముందు కంప, ఆ చాటున జమ్మి, తుమ్మ, గడ్డి.

రైతు: మేమూ పాతినాం మేడం. సగం పొయ్యిలోకి పోయింది, సగం మేకలు తొక్కినాయి.

సంధానకర్త: మేకల్ని ఆపలేరా?

రైతు: ఎవరి మేకలు సార్? మావే. పంట పోయిన ఏడు వాటిని అమ్మే బియ్యం తెచ్చుకునేది.

శాస్త్రవేత్త: నిజమే. మేము 'మేత నిషేధం' అని ఒక్క ముక్క రాసేసి పేజీ తిప్పేస్తాం. దిబ్బ మొత్తాన్ని ఒకేసారి మూయకుండా ముక్కలుగా మూస్తే? మూసిన చోట మేక దిగకూడదు. వేరు పట్టాక గడ్డిని మనుషులు కోసుకెళ్లొచ్చు.

రైతు: కోసుకోనిస్తే ఊరు ఒప్పుకుంటుంది. ఎవరి వంతు ఎప్పుడో పంచాయతీలో ముందే తేల్చాలి. లేకుంటే బలమున్నోడే కోసుకుపోతాడు.

సంధానకర్త: ఎప్పట్లోగా తేలాలి?

రైతు: ఆషాఢం లోపల. గాలి మొదలైతే గుంతే నిలవదు సార్, కంప ఎక్కడ పాతేది?