పాములవాళ్ళ బుట్టలోంచి వచ్చిన నాగుపాముకి ముందు కావాల్సింది నీళ్లు

నమస్కారమండీ. ఈ వీడియో చూస్తుంటే మనసు కష్టపడుతుంది, అయినా చివరిదాకా చూడమని అడుగుతున్నా.

హైదరాబాద్‌లో నాగుల పంచమి వచ్చిందంటే గుళ్ళ దగ్గర బుట్టలు కనబడతాయి. అటవీశాఖ వాళ్ళూ, 1995 నుంచి పాముల కోసం పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళూ తిరిగి, ఆ పాముల్ని విడిపిస్తుంటారు. బుట్టలో బతికిన నాగుపాము ఎలా ఉంటుందో, దాన్ని మళ్ళీ మనుషుల్లో, అదే, పాముల్లో పడేయడం ఎంత కష్టమో ఇవాళ చెప్తా.

ముందు మూతి చూడండి. పెదవి అంచున చుక్కలు చుక్కలుగా ఉన్నాయే, అవి సూది దిగిన గుర్తులు. నోరు తెరవకుండా దారంతో కుట్టేస్తారు. అయినా నాలుక ఆడుతూనే ఉంటుంది. పాము పై పెదవికి ముందు చిన్న గాడి ఉంటుంది, నోరు మూసుకున్నా నాలుక అందులోంచి వస్తుంది. అందుకే దణ్ణం పెట్టుకునేవాళ్ళకి అనుమానమే రాదు.

"పాలు తాగడం నేను కళ్ళారా చూశానండీ" అంటారు. నిజమే, తాగుతుంది. రోజుల తరబడి చుక్క నీళ్లివ్వకుండా ఎండబెట్టి, గిన్నె ముందు పెడితే తాగక ఏం చేస్తుంది? అది భక్తికి మెచ్చి తాగడం కాదు, దాహం. పాలు దానికి అరగవు. పైగా పాముకి గాలి గొట్టం తెరుచుకునేది నోట్లోనే, కింది దవడ మీద. బలవంతంగా పోసిన పాలు అందులోకి దిగితే నిమోనియా వస్తుంది. నాగుపాముకి సరిగ్గా పనిచేసేది ఒక్క ఊపిరితిత్తే, అదీ పాడైతే ఇక ఏముంది?

అందుకని కుట్లు కత్తిరించగానే మొదటి పని నీళ్లు. వెడల్పాటి టబ్బులో ఒళ్ళు సగం మునిగేంతే పోయాలి. లోతు ఉంటే నీరసంతో తల ఎత్తలేక మునిగిపోతుంది. ఇదిగో, ఇప్పుడు గొంతు దగ్గర చూడండి. చర్మం లోపలికీ బయటికీ కదులుతోంది కదా, తాగుతోంది. పక్కన ఒంటి మీద ముడతలు చూశారా? నీళ్లు ఎండిపోయిన పాము చర్మం ఇలాగే ఉంటుంది. మరీ నీరసించినవాటికి డాక్టరు గొట్టంతో ద్రవాలు ఎక్కిస్తారు.

ఎముకలు తేలిన పాముని చూడగానే ఎలకని వేసేద్దాం అనిపిస్తుంది. దయచేసి ఆ తొందర వద్దు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి పెద్ద మేత ఒక్కసారిగా పడితే అదే ప్రాణం తీయొచ్చు. ఒంట్లో నీరు నిలవాలి, నోటి పుండ్లు మానాలి, వెచ్చదనం దొరకాలి. వెచ్చదనం లేకపోతే పాముకి తిన్నది అరగదు, లోపలే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది. అందుకే పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉంచి, ఎక్కడ ఉండాలో దాన్నే తేల్చుకోనివ్వాలి. ఆ తర్వాతే చిన్న ఎలక పిల్లతో మొదలు.

కళ్ళ సంగతి. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది. పూజ పేరుతో చల్లిన పసుపు, కుంకుమ అక్కడ చేరతాయి. కుబుసంతో పాటు ఆ పొలుసూ ఊడి కొత్తది రావాలి. నీళ్లు చాలని పాముకి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి పొర అలాగే మిగిలిపోతుంది. దాన్ని గోటితో లాగితే కన్నే పోతుంది.

కోరల గురించి చాలామంది అడుగుతుంటారు. పీకేసిన కోరల వెనక కొత్తవి సిద్ధంగా ఉంటాయి, దవడ ఎముక విరగకపోతే మళ్ళీ వస్తాయి. కాబట్టి కోరలు తీసేసిన పాము ఏమీ చేయదు అనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. విషగ్రంథి కోసేస్తే మాత్రం మళ్ళీ రాదు. అలాంటి నాగుపాము ఎలకని చంపలేదు, అడవిలో వదిలితే ఆకలికి పోతుంది.

ఇంత చేసినా చాలా పాములు దక్కవు. అది దాచను.

పాములవాళ్ళ మీద నాకు కోపం లేదు. తరాలుగా అదే బతుకుదెరువు, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక చేతిలో వేరే పని పెట్టినవాళ్ళు ఎంతమంది? కానీ మనం వేసే పది రూపాయలే మరో పాముని పుట్టలోంచి లాగిస్తాయి. బుట్ట కనబడితే డబ్బులు వేయకండి, అటవీశాఖకి ఫోన్ చేయండి.

కోలుకున్న పాముని వదలాలా వద్దా అనేది మన ఇష్టం కాదు. కుబుసం ఒక్క తొడుగులా విడవాలి, వేటాడి తినాలి, బరువు నిలవాలి. అవన్నీ చూశాకే అటవీశాఖ అనుమతితో వదులుతారు. గ్రంథి కోసేసినవి బతికినన్నాళ్ళూ సంరక్షణ కేంద్రంలోనే ఉండాలి, వాటికి మేత కూడా చంపిందే వేయాలి.