పెట్టెలో వచ్చిన చదువు, డాబా మీద కురిసిన వాన

అందరికీ నమస్కారం. ఇప్పుడు ఉదయం 8 గంటల 20 నిమిషాలు. మీకు కనిపిస్తున్నది అడయారులో మా ఇంటి డాబా. ఆ మూల, నీళ్ల ట్యాంకుకు ఎడంగా, నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టిన ప్లాస్టిక్ సీసాను చూశారా, ఈ నెలకు మా బడి అదే. ఇంకో పది నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. వాతావరణ శాఖవాళ్లు 24 గంటల వాన లెక్కను ఉదయం 8:30కి చూస్తారు కాబట్టి మనమూ అప్పుడే చూడాలని మా ఏడేళ్ల అమ్మాయి ఆజ్ఞ. రాత్రంతా వాన. నేల ఇంకా తడిగానే ఉంది, నా చేతిలో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఈలోపు మీలో చాలామంది అడుగుతున్నదానికి జవాబు చెబుతాను. పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నారు కదా, ఏ సిలబస్ వాడుతున్నారు అని.

ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళతాను. మేము డాలస్‌లో తొమ్మిదేళ్లు ఉండి, మావారి ఉద్యోగం మారడంతో కిందటి ఏడాది వేసవిలో మద్రాసు వచ్చాం. చెన్నై అనాలని తెలుసు, గుంటూరులో పెరిగిన నోటికి మద్రాసే వస్తుంది. ఇక్కడ ఎన్నాళ్లుంటామో, తర్వాత ఎటు వెళతామో తెలియదు. అమ్మాయికి ఏడు, అబ్బాయికి నాలుగున్నర. బడిలో చేర్చడం, మాన్పించడం, ఇంకోచోట మళ్లీ చేర్చడం ఎందుకని ఇంటి చదువు మొదలుపెట్టాం. "పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లో ఏమి వెలగబెడుతున్నారే?" అని మా అమ్మ వారానికి రెండుసార్లయినా ఫోనులో అడుగుతుంది. ఈ వీడియో ఆవిడ కోసం కూడా.

వచ్చేటప్పుడు అక్కడి నుంచే ఇంటి చదువు సిలబస్ పెట్టె ఒకటి తెచ్చుకున్నాం. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు, దాన్ని ఇక్కడికి మోసుకొచ్చింది నేనే. 36 వారాల పాఠాలు, మన డబ్బుల్లో 40,000 పైమాటే. తెరవగానే కొత్త కాగితం వాసన, వారం వారం విడదీసి పెట్టిన రంగురంగుల పుస్తకాలు. ఏ రోజు పేజీ ఆ రోజు తిప్పితే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే పెద్దవాళ్లయిపోతారని అనుకున్నాను.

మొదటి వారం పాఠం ఏమిటో తెలుసా? బయటికి వెళ్లి, రాలిన ఎర్ర ఆకులు, పసుపు ఆకులు పది ఏరుకుని రండి. సెప్టెంబరులో, మద్రాసులో! చెమటలు కక్కుతూ మూడు వీధులు తిరిగితే నాటు బాదం చెట్టు కింద రెండు ఎర్రాకులు దొరికాయి. కొన్ని వారాల తర్వాత మంచుబొమ్మ. ఆ తర్వాత అమెరికా నాణేలు. అక్కడ అయిదు సెంట్ల నాణెం పది సెంట్ల నాణెం కన్నా పెద్దగా ఉంటుంది. డాలస్‌లో పుట్టిన అమ్మాయే అది మరిచిపోయింది. అబ్బాయి అయితే అసలు నాణెం అంటే ఏమిటని అడిగాడు. వాడిది తప్పు కాదు, కొబ్బరిబొండాల బండి దగ్గర కూడా ఫోను చూపించి చెల్లిస్తున్నాం కదా. వాడి దృష్టిలో డబ్బంటే ఫోను చేసే చప్పుడు. అందుకని ఆ పేజీలు పక్కన పెట్టి, శనివారం శనివారం ఇద్దరికీ కలిపి 50 రూపాయల చిల్లర ఇస్తున్నాను. సందు చివర ఆకుకూరలు అమ్మే అవ్వ దగ్గర కొత్తిమీర, తోటకూర కొని, మిగిలిన చిల్లర లెక్క చెప్పాలి. మొదటి వారం అవ్వ వీళ్ల మీద జాలిపడి చిల్లర ఎక్కువే ఇచ్చింది. లెక్క తేలక గంటసేపు కూర్చున్నాం.

ఆగండి, 8:30 అయింది.

చూడండి, మా అమ్మాయి కన్ను నీటిమట్టానికి సమానంగా రావాలని బోర్లా పడుకుంది. ఈ సీసా చేయడంలో ఒక తిరకాసు ఉంది, మీరూ చేసుకుంటారేమో చెబుతాను. సీసా మెడ భాగం కోసి, దాన్నే తిరగేసి గరాటులా పైన పెట్టాలి, అక్కడివరకూ అందరికీ తెలుసు. అడుగుభాగం చదునుగా ఉండదు, గుంటలు గుంటలుగా ఉంటుంది. మేము మొదట అడుగునుంచే స్కేలు అంటించి వారం రోజులు తప్పుడు లెక్కలు రాశాం. ఇప్పుడు అడుగున గులకరాళ్లు వేసి, సీసా నిటారుగా ఉన్న చోటు వరకూ నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీశాం. రోజూ చూశాక నీటిని మళ్లీ ఆ గీతకే తేవాలి.

"నలభై రెండు!"

42 మిల్లీమీటర్లు. అంటే డాబా మీద ప్రతి చదరపు మీటరుకూ 42 లీటర్ల నీళ్లు పడ్డాయన్నమాట. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మద్రాసు పిల్లలకు లీటర్లు చెప్పనవసరం లేదు, 20 లీటర్ల క్యాన్లు చెబితే చాలు. సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి, ఇందులో రాత్రి రెండు క్యాన్ల నీళ్లు, పైన ఇంకో రెండు లీటర్లు కురిశాయి అంటే నోరు తెరిచి చూశారు. మరి అవన్నీ ఎటు పోయాయి అని అబ్బాయి అడిగాడు. డాబా నీళ్లు దిగే గొట్టం వెంబడే కిందికి దిగి, ఇంకుడు గుంత దాకా వెళ్లి చూసి వచ్చాం. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటిని పట్టే ఏర్పాటు తప్పనిసరి. పెట్టెలో లేని పాఠం.

అయితే ఈ సీసా దగ్గరికి నేను తెలివిగా ఏమీ రాలేదు. ఎర్రాకుల పరాభవం తర్వాత, అమెరికావాళ్ల నాలుగు కాలాలు మనకెందుకు, మనకు ఆరు ఋతువులు ఉన్నాయి కదా అని పౌరుషం వచ్చింది. వసంతం నుంచి శిశిరం దాకా రంగులతో పెద్ద చార్టు రాసి గోడకు అంటించాను. మా అమ్మకు ఫోటో పంపి మెప్పు కూడా పొందాను. ఆ చార్టు ప్రకారం శ్రావణ భాద్రపదాలు వర్ష ఋతువు. గుంటూరులో అమ్మమ్మ అదే చెప్పింది, అక్కడ అప్పుడు వానలే. ఇక్కడ అడపాదడపా సాయంత్రం పూట ఒక జల్లు, అంతే. తీరా ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చాక, శరత్తు అని రాసి నేను పండు వెన్నెల బొమ్మ వేసిన చోట, నాలుగు రోజులు సూర్యుడే కనిపించలేదు. అమ్మాయి చార్టు ముందు నిలబడి, "అమ్మా, నీది కూడా తప్పే" అంది.

నిజమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలులు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి, ఇటు వచ్చేసరికి చేతులు దులుపుకుంటాయి. అక్టోబరులో గాలి దిశ మారి, ఈశాన్యం నుంచి బంగాళాఖాతం తేమను మోసుకొస్తుంది. ఏడాది మొత్తంలో చెన్నైలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అమెరికా పుస్తకమూ, నా చార్టూ, రెండూ వేరే ఊరి కోసం రాసినవే. అప్పుడు పెట్టాం సీసా. ఇప్పుడు ఆ చార్టులో అమ్మమ్మ ఊరికి ఒక వరస, మాకు ఒక వరస ఉన్నాయి. రెండో వరస రోజుకు ఒక గడి చొప్పున నిండుతోంది.

కిందికి వెళదాం రండి, జారుతుంది జాగ్రత్త.

పెట్టెలో అన్నీ పారేయలేదు. లెక్కల పుస్తకం మంచిదే, సింగపూరు పద్ధతి. ముందు చేతికి వస్తువు, తర్వాత కాగితం మీద బొమ్మ, ఆఖరున అంకె. ఆ వరస నేను మార్చలేదు. మార్చింది మాట. కిందటి ఏడాది అమ్మాయికి 13 రాయమంటే 31 రాసేది. ఎన్నిసార్లు దిద్దించినా అంతే. ఒకరోజు పక్కన కూర్చుని వింటే అర్థమయింది. ఇంగ్లిషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, పది వెనకాల నక్కి ఉంటుంది. విన్న వరసలోనే రాస్తోంది పాపం. పదమూడు అనండి. పది, మూడు. రాసే వరస కూడా అదే.

కింది వాటాలో ఒక మామ్మగారు ఉంటారు, మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. మా అవస్థ చూసి, "ఏమ్మా, లెక్కలకు ఇంత పెట్టె ఎందుకు, ఇది చాలదా?" అని వామనగుంటల పీట తెచ్చి ఇచ్చారు. తమిళులు పల్లాంగుళి అంటారు. అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు గుంటలు. మేము దాన్ని ఆటకు కాకుండా, పది చింతగింజలు నిండితే ఒక గుంట పూర్తి అనే లెక్కకు వాడుకున్నాం. ఒక నిండు గుంట, పక్కన మూడు గింజలు, పదమూడు. పద్నాలుగు, పదిహేను, పదహారు చకచకా నడిచాయి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది కాస్త పేచీ పెట్టాయి, వాటిని బతిమాలుకోవలసిందే. ఇరవై దాటాక ఇక రాజమార్గం. నలభై ఏడు అంటే నాలుగు నిండు గుంటలు, ఏడు గింజలు. అప్పటినుంచీ పుస్తకంలోని అంకెలు, బొమ్మలు వాళ్లవి, చదివి చెప్పే మాటలు తెలుగువి. 31 మళ్లీ కనిపించలేదు. మామ్మగారు మాత్రం పీటను ఆటకు వాడటం లేదని నొచ్చుకున్నారు. ఇప్పుడు సాయంత్రాలు ఆవిడే ఆడిస్తున్నారు, ఓడిపోతే అబ్బాయి ఏడుస్తున్నాడు.

అబ్బాయి సంగతికి వస్తే, పెట్టెలో వాడి రాత పుస్తకం నిండా నిలువు గీతలు, అడ్డగీతలు. ఇంగ్లిషు అక్షరాలకు అవి సరిపోతాయి. తెలుగులో నిలువు గీతకు పనేమిటి? మనవన్నీ గుండ్రాలు, కొక్కేలు, తలకట్లు. అందుకని పళ్లెంలో ఇసుక పోసి సున్నాతో మొదలుపెట్టించాను. సున్నాకు తలకట్టు పెడితే ర. ర కడుపులో చుక్క పెడితే ఠ. వ పక్కన తోక తగిలిస్తే మ. అ, ఆ వరస పాటలా నోటికి వస్తోంది, చేతికి మాత్రం పోలికల వరస. ఇసుకలో దిద్దించడం మన పాత బడుల పద్ధతే, గరుకు కాగితం అక్షరాల మీద వేలితో దిద్దించడం మాంటిస్సోరి పద్ధతి. ఆ మరియా మాంటిస్సోరి 1939లో పాఠం చెప్పడానికి వచ్చింది ఈ అడయారుకే, దివ్యజ్ఞాన సమాజం తోటకు. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. ఈ సంగతి తెలియక, ఆ అక్షరాల పెట్టె నేను డాలస్‌లో కొన్నాను.

తమిళం నేను చెప్పడం లేదు, పార్కు చెబుతోంది. మొన్న అమ్మాయి బస్సు బోర్డు చూసి, గిండి అని ఎందుకు పిలుస్తారు, కిండి అని కదా రాశారు అంది. తమిళంలో క, గ రెంటికీ అక్షరం ఒకటే అని చెబితే, "అయితే వాళ్లకు హోంవర్కు తక్కువ" అని తేల్చేసింది.

చట్టం ఒప్పుకుంటుందా అని అడిగేవాళ్ల కోసం రెండు మాటలు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఇంట్లో చదివించుకునేవాళ్ల మాట అందులో విడిగా లేదు. మాలాంటివాళ్లు చాలామంది తర్వాత జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పరీక్షలు రాయిస్తారు. పదో తరగతి పరీక్షకు 14 ఏళ్లు నిండాలి. మాకు అంత దూరం ఆలోచన లేదు, ఎప్పుడైనా బడిలో చేర్చవలసివస్తే వెనకబడకూడదు, అంతే. అందుకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దగ్గర పెట్టుకుంటాను, వాళ్ల సైటులో ఉచితం. ఒకటి, రెండు తరగతులకు భాషలు, లెక్కలే ఉన్నాయని చూసి నా గుండె కుదుటపడింది. ఆంధ్రప్రదేశ్ పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది, అవీ దించుకోవచ్చు. 40,000 పెట్టి పెట్టె కొన్న మనిషి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

వచ్చే వారం ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూపిస్తాను. ఒకసారి బయలుదేరాం, శుక్రవారం సెలవని తెలియక గేటు చూసి తిరిగొచ్చాం. అమ్మమ్మ ఊరి పక్కన దొరికిన రాళ్లు ఇక్కడ ఎందుకు ఉన్నాయని అమ్మాయి ఇప్పటికే అడుగుతోంది.

చివరగా వాన పుస్తకం చూపించమని అడిగారు కదా, ఇదిగో. ఈ పేజీలో గురువారం చూడండి. ఆ రోజు చుక్క వాన లేదు, ఆకాశం అద్దంలా ఉంది, సీసాలో మాత్రం 9 మిల్లీమీటర్లు. అమ్మాయి నుంగంబాక్కం, మీనంబాక్కంలలో వాతావరణ శాఖవాళ్లు తీసే లెక్కలు రెండూ చూడమంది, రెండు చోట్లా సున్నా. మంచు కురిసిందా అని మావారు, పక్కింటి ట్యాంకు పొర్లిందా అని నేను. మధ్యాహ్నం అన్నం తింటూ అబ్బాయి ఒప్పుకున్నాడు, సీసాకు దాహం వేస్తోందని గ్లాసుతో పోశాడట. అమ్మాయి ఆ గడి కొట్టేయలేదు. పక్కన చిన్న అక్షరాలతో కారణం రాసింది, చదవగలుగుతున్నారా? "తమ్ముడు, 9 మి.మీ."