ఫ్యూజు ప్లేసుల బల్బు పెట్టి చూడుండ్రి

అందరికి నమస్తే. ముందట కూసున్నోళ్లు ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకునే తమ్ముళ్లు, ఎనుక నిలబడ్డోళ్లు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు లోడ్లు కొట్టే డ్రైవరన్నలు. ఇద్దరికీ పనికొచ్చేటట్టు పాత పికప్ బండ్లల్ల షార్ట్ ఎట్ల దొరకబట్టాలె అనేది చెప్త, మధ్యల డౌట్ వస్తే అడుగుండ్రి, సిగ్గు పడకుండ్రి.

ముందుగాల ఒక్క మాట. మనోళ్లు బ్యాటరీ దిగినా షార్టే అంటరు, లైటు గుడ్డిగ వెలిగినా షార్టే అంటరు, ఫ్యూజు కొట్టేసినా షార్టే అంటరు. ఈ మూడు వేరే వేరే. పాజిటివ్ వైరు బాడీ ఇనుముకు తాకి ఫ్యూజు పోతే అది అసలు షార్ట్. బండి ఆపినంక కూడ ఎక్కడనో కొద్దిగ కరెంటు పోతుంటే అది లీకు. రైట్ ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడ కొట్టుకుంటున్నదంటే ఎక్కువ సార్లు అక్కడ ఎర్త్, అంటే బాడీకి బిగించే మైనస్ కనెక్షన్, లూజు ఉంటది, బోల్టు తుప్పు పట్టి ఉంటది, ఇసుక కాగితంతోని రుద్ది బిగిస్తే అయిపాయె, దానికోసం వైరింగ్ కిట్టు మార్చాలని చెప్పేటోన్ని నమ్మకుండ్రి.

ఇయ్యాల ఎక్కువ అసలు షార్ట్ గురించే మాట్లాడుకుందాం. బండిల మైనస్‌కు వేరే వైరు తిరగదు, చాసిసే మైనస్. అందుకే పాజిటివ్ వైరు తోలు ఎక్కడ ఒరుసుకపోయి ఇనుముకు తాకినా అక్కడ షార్ట్ అయితది. 12 వోల్టులే గదా ఏమైతది అనుకోవద్దు, చేతికి షాక్ కొట్టకపోవచ్చు గని బ్యాటరీ ఒక్కసారి వందల ఆంపియర్లు తోస్తది, సన్న వైరు ఎర్రగ కాలి పక్క వైర్లను కూడ అంటుకుంటది.

గందుకే ఫ్యూజు పెట్టిండ్రు. ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20, ఆకుపచ్చది 30 ఆంపియర్లు. అది కాపాడేది వైరును, బల్బును కాదు. 10ది పోతుంటే 30ది పెట్టి, అది గూడ పోతే రాగి పోగు చుట్టి నడిపిస్తరు సూడు, వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడ్త. ఫ్యూజు పోకపోతే వైరు పోతది, వైరు పోయే జాగ డ్యాష్‌బోర్డు ఎనుక ఉంటది, పక్కనే డీజిల్ పైపు కూడ పోతుండొచ్చు.

మరి ఎట్ల వెతకాలె? పది ఫ్యూజులు కొనుక్కొని ఒక్కొక్కటి పేల్చుకుంట కూసోవద్దు. ఒక బ్రేక్ లైట్ హోల్డరుకు రెండు వైర్లు కట్టి, 21 వాట్ల బల్బు పెట్టి, ఆ రెండు వైర్లను పోయిన ఫ్యూజు ప్లేసుల గుచ్చుండ్రి. షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగ వెలుగుతది, కరెంటు మాత్రం రెండు ఆంపియర్లు దాటదు, వైరు చల్లగనే ఉంటది, మీరు తాపీగ వెతుక్కోవచ్చు. పార్కింగ్ లైట్ల లైన్ అయితే ముందుగాల ఆ లైన్ల బల్బులన్ని తీసెయ్యుండ్రి, లేకుంటే వాటి మీదికెళ్లి కూడ కరెంటు పోయి మన బల్బు మసక మసకగ వెలుగుతది, మోసపోతరు.

ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేసినా వెలుగుతుంటే గడబిడ ఫ్యూజుకు స్విచ్‌కు మధ్యల ఉంది. స్విచ్ వేస్తెనే వెలిగితే స్విచ్ దాటినంక ఉన్నట్టు. సగం పని ఇక్కడనే అయిపోయింది. తర్వాత క్యాబిన్ ఎనుక టెయిల్ లైట్లకు పోయే కనెక్టర్ పీకుండ్రి. బల్బు ఆరిందా, ట్రాలీ కింద వెతుకుండ్రి. ఆరలేదా, ముందట క్యాబిన్లనే. వైరింగ్ మొత్తం టేపు ఊడదీసుడు చివరి పని, మొదటి పని కాదు.

ట్రాలీ కింద అంటే ఏ జాగ చూడాలె? వైరు చాసిస్ దాటే మూలలు, నంబర్ ప్లేట్ లైటు, టెయిల్ లైట్ ఎనుక రేకు. మిర్చి లోడుకు పత్తి లోడుకు బాడీ ఎత్తు పెంచినప్పుడు వెల్డింగ్ కొట్టి ఉంటరు, బోల్టులకు కొత్త రంధ్రాలు వేసి ఉంటరు, ఆ రేకు అంచులే కత్తి లెక్క కోస్తయి. వెల్డింగ్‌కు ముందు మైనస్ టెర్మినల్ ఊడదీయమని చెప్పుడు కూడ మన పనే. క్యాబిన్ల అయితే ఇంజన్ గోడల వైర్లు దూరే రబ్బరు బుడ్డ ఎండి రాలిపోయిందా చూడుండ్రి, డోర్ కీలు దగ్గర వంగి వంగి తెగిందా చూడుండ్రి, సైలెన్సర్ పక్కకెళ్లి పోయే వైరు కాలిందా చూడుండ్రి. మక్కజొన్న బస్తాల పక్కన రాత్రిపూట నిలబెడితే ఎలుకలు వచ్చుడు మామూలే. ఇక పాటల సెట్టు, రంగు రంగుల ఎల్‌ఈడీ పట్టీలు, ప్రెషర్ హారన్, ఇవి పెట్టినోడు హెడ్‌లైట్ వైరు గీకి మెలిపెట్టి టేపు చుట్టి పోతడు, నేనైతే ముందుగాల అక్కడికే పోత.

కొన్ని షార్టులు షెడ్డుల దొరకయి. నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక బండికి ఖాళీగ ఉంటే ఏం లేదు, లోడు వేస్తెనే బ్రేక్ లైట్ ఫ్యూజు పోతుండె. బరువుకు స్ప్రింగు కట్టలు దిగంగనే బాడీ కిందికి వచ్చి, రబ్బరు స్టాపర్ పక్కన ప్లాస్టిక్ తాడుతోని కట్టిన వైరును నొక్కుతున్నది. బస్తాలు వేసి, బల్బు పెట్టి, ఒకరు బ్రేకు తొక్కితే ఒకరు వైరు ఊపుకుంట పోతే తేలింది. అందుకే డ్రైవరును అడగాలె, ఎప్పుడు పోతది, వానలనా, గుంతలనా, లోడులనా అని.

లీకుకు రెండు ముక్కలు. మల్టీమీటర్ 10 ఆంపియర్ల మీద పెట్టి మైనస్ టెర్మినల్‌కు కేబులుకు మధ్యల కలుపుండ్రి, సెల్ఫ్ మాత్రం కొట్టకుండ్రి, మీటర్ ఫ్యూజు పోతది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫికర్ లేదు. అర ఆంపియర్ పోతుంటే దినానికి 12 ఆంపియర్ అవర్లు, దసరాకు మూడు దినాలు ఆపితే 36, 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాదాపు సగం ఖాళీ. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుండ్రి, ఏది పీకినా తగ్గకపోతే డైనమో (ఆల్టర్నేటర్) లావు వైరు ఊడదీయుండ్రి, లోపల కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చే డయోడ్ పోయి ఉండొచ్చు.

సెల్ఫ్ లావు కేబుల్ మీద మాత్రం ఓ కన్ను వేసి ఉంచుండ్రి, మస్తు బండ్లల్ల దానికి ఫ్యూజే ఉండది. దొరికిన తర్వాత ఉట్టి టేపు చుట్టి వదలకుండ్రి, ఇంజన్ వేడికి గమ్ము కారి ఊడుతది. టంకం పెట్టి, స్లీవ్ (వైరు మీద తొడిగే గొట్టం) వేసి, ముడతల పైపుల దూర్చి, కదలకుండ కట్టుండ్రి.

డ్రైవరన్నా, ఆఖరికి చూస్తే జానెడు స్లీవే కనపడ్తదని పైసలు తక్కువిస్తవు, అది వెతికినందుకు ఇచ్చే కూలి, స్లీవుకు కాదు. సరె, బయట ఒక బండి నిలబెట్టిండ్రట, హారన్ ఫ్యూజు పోతున్నదట. బల్బు నా దగ్గర ఉంది, పాండ్రి.