నొక్కకుండా తీసే మెషీన్, మా వదిన, ఇంకా నా తప్పు

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు, చదివితే బయట పెట్టిన టీ చల్లారిపోద్ది, అందుకని నేరుగా మొదలెట్టేస్తున్నా. రొమ్ము క్యాన్సర్‌కి కొత్త రకం సీటీ స్కాన్ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్‌ని కాదండి, 26 ఏళ్లు ఎక్స్‌రే రూములో ఉన్న టెక్నీషియన్‌ని.

ముందు మా వదిన సంగతి చెప్తా. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ముని ప్లేట్ల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రేకి, తీసుకెళ్లింది నేనే. ప్లేట్ దిగి నొక్కేసరికి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా మట్టిగాజు చిట్లింది. ఒకవైపు అయ్యింది, రెండో వైపు తియ్యనివ్వలా, "చాల్లే, నన్ను చంపేస్తావా" అని జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూనే బయటికెళ్లిపోయింది. నేనూ బతిమాలలా, బయట క్యూ ఉంది మరి. రెండేళ్లకి గడ్డ తగిలింది, తియ్యని వైపే.

సరే, సీటీ. ఛాతీకి తీసే మామూలు సీటీ కాదిది, కలిపెయ్యకండి. టేబుల్ మీద బోర్లా పడుకుంటారు, టేబుల్‌కి కన్నం ఉంటది, రొమ్ము అందులోంచి కిందికి వేలాడుతుంది, ఎక్స్‌రే ట్యూబు కిందే చుట్టూ తిరిగొస్తుంది. పది సెకన్లు, అంతే. నొక్కడం లేదు! ఇది నిన్న పుట్టిన ఐడియా కూడా కాదు, 1970ల్లోనే అమెరికాలో ట్రై చేశారు గానీ బొమ్మ ముతకగా వచ్చి మూలనపడింది. 2001లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో జాన్ బూన్ అనే సైంటిస్టు వాళ్లు మామోగ్రామ్‌కి పట్టే రేడియేషన్ డోసుతోనే సీటీ తియ్యొచ్చని లెక్క చూపించారు, 2015లో కోనింగ్ కంపెనీ మెషీన్‌కి మందులకీ వైద్య మెషీన్లకీ అనుమతిచ్చే అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. అదీ అనుమానం వచ్చాక చూడ్డానికే, అందరికీ ఏటా చేసే స్క్రీనింగ్‌కి కాదు.

లాభం ఏంటంటే, వయసులో ఉన్నవాళ్లలో చాలామందికి రొమ్ము కణజాలం చిక్కగా ఉంటది, మామోగ్రామ్‌లో అది తెల్లగానే, గడ్డా తెల్లగానే, మజ్జిగలో వెన్నపూస వెతికినట్టు. సీటీలో ఉల్లిపాయ చక్రాల్లాగా పొర పొర విడదీసి చూస్తారు, ఒకదాని మీద ఒకటి పడి దాక్కోవడం ఉండదు. కానీ ఛాతీ గోడకి ఆనుకున్న చోటు, చంక వైపు కొంత అందకపోవచ్చు, అది కూడా చెప్పాలి కదా.

అయ్యో, వదిన గురించి సగంలో ఆపేశా. ఉంది, బానే ఉంది. చంకలో బిళ్లలు, అదే లింఫ్ గ్రంథులు, కూడా తీసేశారు, అందుకని ఆ చెయ్యి వాస్తది, బిందె ఎత్తలేదు. మా సెంటర్లో నొక్కని మెషీన్ లేదండి, ఇప్పటికీ లేదు. ఉన్నదాంట్లోనే నేను ఆ రోజు క్యూ ఆపి, ఒక్క నిమిషం కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "వదినా, ఇంకో వైపు కొన్ని సెకన్లే" అని ఉండాల్సింది. ఈ ముక్క చెప్పడానికే వచ్చా నిజానికి, సీటీ నెపం.

ఇక్కడ రేడియాలజీ చదివే పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. మీకేనమ్మా చెప్పేది. ఆ, వెనక పచ్చ చీరావిడ ఇందాకట్నుంచీ ఏదో అడగబోతున్నారు, మైకు అటివ్వండి.