సెన్‌హైజర్ హెచ్‌డీ 600 రివ్యూ: ఆ జారులో కమాను ఎక్కడ తిరిగింది?

అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీదున్నది సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. దీని మీద రివ్యూలు బోలెడున్నాయి. అయినా నేను చేస్తున్నానంటే కారణం ఉంది. దీన్ని వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులతో పరీక్షించాను.

గరగరలాడే రికార్డులతో హెడ్‌ఫోన్ టెస్టేంటి అని మీలో చాలామంది అనుకుంటారు. మనం టెస్టుకి వాడేవి అద్దంలా ఉండే రికార్డింగులు. గిటార్ తీగ మీద వేలు రాసుకున్న చప్పుడు వినపడిందా, డ్రమ్స్ ఎంత వెనక ఉన్నాయి, ఇవే చూస్తాం. నేనూ రెండేళ్లు అలాగే విన్నాను. పాట పెట్టడం, మొదటి ముప్పై సెకన్లలో బాస్, ట్రెబుల్ చూసుకోవడం, ఇంకో పాటకి వెళ్లిపోవడం. చాలా పాటల్లో చరణం దాకా వెళ్లనే లేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పోయిన సంక్రాంతికి మా పెదనాన్న వచ్చారు. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. నాయుడుగారు 1919లో వయొలిన్ చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన కాలేజీ అది. గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చి, సోలో కచేరీలతో జనాన్ని కూర్చోబెట్టిన విద్వాంసుడాయన. సరే, పెదనాన్నకి ఈ హెడ్‌ఫోన్ తగిలించి నాయుడుగారి రికార్డు పెట్టాను. అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత తీసి చేతిలో పట్టుకుని అడిగారు: "పంచమం నుంచి పై షడ్జానికి జారు వేశారు చూడు, అందులో కమాను ఎక్కడ తిప్పారురా?"

నాకు తెలీదు. ఆ రికార్డు యాభైసార్లు విని ఉంటాను. హిస్, అంటే వెనక వచ్చే ఆ బుస్సుమనే చప్పుడు, ఎంతుందో చెప్పగలను, ఎక్కడెక్కడ టిక్కుమంటుందో చెప్పగలను. వాయిస్తున్న మనిషి చెయ్యి ఏం చేస్తోందో మాత్రం ఒక్కసారీ వినలేదు.

వయొలిన్ వాయించని వాళ్ల కోసం చెప్తాను. కమాను అంటే తీగల మీద రాసి వాయించే బద్ద. జారు అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తకుండా తీగ మీద జరపడం. కమాను పొడవు ఎంతో కొంతే కదా, ఒక చివరికి రాగానే వెనక్కి తిప్పాలి. తిప్పిన చోట నాదం రవ్వంత సన్నబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో అయితే తెగిపోతుంది. ఒక స్వరం మీద నిలబడి తిప్పడం ఒక ఎత్తు, జారులో వేలు తీగ మీద పాకుతుండగా తిప్పడం ఇంకో ఎత్తు. ఆ రోజుల్లో టేప్ లేదు, నేరుగా మైనపు పలక మీదకి చెక్కేవారు. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. తప్పు దొర్లితే అతికించడం కుదరదు, మొదటి నుంచి మళ్లీ వాయించాల్సిందే. ఆ టెన్షన్‌లో వాయించిన జారు ఇది. రాత్రి ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చున్నాను. ఆరోసారో ఏడోసారో దొరికింది. నాదం ఒక్క క్షణం పలచబడి మళ్లీ నిండింది, శ్రుతి మాత్రం ఎక్కడా ఆగకుండా పైకి పోతూనే ఉంది. ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ సంగతి. అదే రికార్డుని నా దగ్గరున్న ఇంకో ఇయర్‌ఫోన్‌లో విన్నాను. బాస్, ట్రెబుల్ రెండూ లేపి పెట్టిన రకం అది, కొత్త సినిమా పాటలకి హుషారుగా ఉంటుంది. అందులో హిస్ చెవిలో గుచ్చుకుంటుంది, వయొలిన్ వెనక్కి పోతుంది, ఆ కమాను తిరగడం దొరకనే లేదు. ఇలాంటి పాత లక్క రికార్డులో మనకు పనికొచ్చేదంతా దాదాపు మిడ్స్‌లోనే, అంటే బాస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య ఉండే శబ్దాల్లోనే ఉంటుంది. హెచ్‌డీ 600 బలం సరిగ్గా అక్కడే. గొంతు, వయొలిన్ దీనిలో ఉన్నవి ఉన్నట్టు పలుకుతాయి.

అందుకే సౌండ్ క్వాలిటీ అక్కర్లేదని నేననను. ఆ ప్రశ్న అడిగిన పెదనాన్నే, "రేడియోలో ఇది ఎప్పుడూ వినపడలేదురా" అన్నారు. వాయించేవాళ్ల పనితనం చెవికి చేరడానికే మంచి సౌండ్ కావాలి. నా లెక్కలో మార్కులు దానికే.

ఫైళ్ల గురించి ఒక మాట. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని వెతుక్కుంటూ పోకండి. సీడీ క్వాలిటీ 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లోనే దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మనిషి చెవికి వినపడేది 20 దాకానే. పాత రికార్డులో అసలు చూడాల్సింది డిజిటల్‌లోకి ఎలా ఎక్కించారన్నది. ఇదే రికార్డు నా దగ్గర రెండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో గరగర మొత్తం తుడిచేశారు. దాంతో పాటు కమాను తీగను పట్టుకునే ఆ కాస్త గరుకూ పోయింది, హార్మోనియంలా వినపడుతోంది. నాకు గరగర ఉన్నదే కావాలి.

లోపాలు. దీని ఇంపీడెన్స్, అంటే కరెంటుకి ఇది చూపే అడ్డు, 300 ఓమ్స్. అందుకే చాలా ఫోన్లలో సౌండ్ చాలదు, చిన్న ఆంప్లిఫయర్ ఉంటే మంచిది. ఓపెన్ బ్యాక్, అంటే కప్పుల వెనక మూసి ఉండదు కాబట్టి లోపలి పాట బయటికి, బయటి టీవీ లోపలికి వస్తాయి. కొత్తలో తలను గట్టిగా నొక్కుతుంది. మృదంగం తొప్పి, అంటే ఎడమ వైపు, బాగానే పలుకుతుంది కానీ ఇప్పటి పాటల్లో అడుగున ఉండే సబ్ బాస్ తక్కువ. స్టేజ్ ఇరుకు, అంటే వాయిద్యాలన్నీ దగ్గరదగ్గరగా ఉన్నట్టు వినపడతాయి అని చాలామంది అంటారు, నిజమే. మంచి సంగతి ఏంటంటే, ఇయర్ ప్యాడ్లు, కేబుల్ పాడైతే మార్చుకోవచ్చు. గాత్రం, వయొలిన్, వీణ ఎక్కువగా వినేవాళ్లయితే కొనుక్కోండి.

ఇప్పుడు ఆ జారు ఉన్న ఇరవై సెకన్లు పెడుతున్నాను, మూడుసార్లు. గరగర ఉంటుంది, కంగారుపడకండి. కమాను ఎన్నో సెకనులో తిరిగిందో కామెంట్లో రాయండి. మీరు రాసినవన్నీ పెదనాన్నకి చదివి వినిపిస్తాను. ఫ్యాన్ ఆపేశారా? పెడుతున్నాను.