పాత స్పోర్ట్స్ కారు మెగ్నీషియం చక్రాలు: ఏది బాగుచేయాలి, ఏది మార్చాలి

అందరికీ నమస్తే. హన్మకొండలోని మన షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను.

ఈ బల్ల మీద ఐదు చక్రాలున్నాయి చూడండి. నాలుగు బండివి, ఒకటి స్టెప్నీ. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారువి ఇవి. 1962 నుంచి 1980 దాకా తయారైన బండి అది. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు. "తమ్ముడూ, అలాయ్ వీల్సే కదా, మంచిగా పాలిష్ కొట్టి పెట్టు" అని చెప్పి దింపి వెళ్లారు. మొదటి చక్రం చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. అల్యూమినియం ఇంత తేలికగా ఉండదు.

మనం అలాయ్ చక్రం ఏది కనిపించినా "మ్యాగ్ వీల్" అనేస్తాం. ఆ మ్యాగ్ అంటే మెగ్నీషియమే. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ అల్యూమినియంవి, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఒకప్పుడు రేసు బళ్లకు, ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు నిజంగానే మెగ్నీషియం చక్రాలు వేసేవాళ్లు. అమెరికాలో హాలీబ్రాండ్, ఇటలీలో కంపాన్యోలో, ఇంగ్లండ్‌లో మినీలైట్ వీటిని చేశాయి. లాంబోర్గిని మియురాకు ఉన్నవి కంపాన్యోలో వాళ్ల మెగ్నీషియం చక్రాలే. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగితే, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది. చక్రం తేలికైతే గుంతలో పడి లేచాక టైరు వెంటనే మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ముందు, ఇది మెగ్నీషియమా కాదా అని తేల్చుకుందాం. చక్రం వెనకవైపు, బయటికి కనిపించని చోట, రూపాయి బిళ్లంత పెయింట్ గీకాను. పక్కన ఒక అల్యూమినియం ముక్క పెట్టాను. రెండింటి మీదా ఒక్కో చుక్క వెనిగర్ వేస్తున్నాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. అల్యూమినియం మీద చుక్క కదలకుండా కూర్చుంది. ఇక్కడ మాత్రం సోడాలాగా సన్నటి బుడగలు పొంగుతున్నాయి. అది హైడ్రోజన్. అంటే ఇది మెగ్నీషియమే. చూడటం అయిపోగానే నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి, ఆ చుక్కను అలాగే వదిలేయవద్దు.

ఈ బుడగలు చెప్పే సంగతి ఇంకొకటుంది. పెంబర్తి ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే చింతపండు పెట్టి తోముతాం, తళతళా మెరుస్తుంది. ఆ పులుపే మెగ్నీషియాన్ని తినేస్తుంది. దుకాణాల్లో అమ్మే వీల్ క్లీనర్లలో చాలావాటిలో ఆమ్లం ఉంటుంది, వాటిని దీని దగ్గరికి రానివ్వకండి. క్షారం సంగతి వేరు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది, మెగ్నీషియాన్ని పెద్దగా ఏమీ చేయదు. అందుకే ఏ లోహమో తెలియకుండా చక్రాన్ని ఏ రసాయనంలోనూ ముంచవద్దని అంటాను.

ఇప్పుడు నిప్పు సంగతి. దీన్ని దయచేసి వదిలేయకుండా వినండి. మెగ్నీషియం చక్రం ఊరికే అంటుకోదు, దిమ్మలాంటి లోహం కాబట్టి వేడిని పంచేసుకుంటుంది. భయం దాని పొడితోనే. దీపావళి మతాబుల్లో తెల్లటి వెలుగు కోసం వాడే పొడుల్లో మెగ్నీషియం కూడా ఒకటి. గ్రైండర్ పెట్టి చక్రాన్ని రుద్దితే రాలేది అదే పొడి. అంటుకుందంటే నీళ్లు పోయకూడదు, పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా ఎగుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, ఆ వాయువులో కూడా మెగ్నీషియం మండుతుంది. 1955లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్స్ కార్ల రేసులో మెగ్నీషియం మిశ్రమంతో చేసిన మెర్సిడెస్ బాడీ అంటుకున్నప్పుడు నీళ్లు కొడితే మంట మరింత పెరిగింది. లోహపు మంటల కోసం డి క్లాస్ ఆర్పే పొడి విడిగా దొరుకుతుంది, అది తెచ్చిపెట్టుకోండి. దానితోపాటు బాగా ఎండిన ఇసుక ఒక బకెట్. ఎండిన ఇసుక అంటే నిజంగా ఎండినదే. వానాకాలంలో బయట కుప్ప నుంచి ఎత్తుకొచ్చిన తడి ఇసుక వద్దు. ఇనుము కోసే గ్రైండర్ పక్కన ఈ పని పెట్టుకోవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

సరే, టైర్లు విప్పేశాం. పెయింట్ తీయడానికి ఆమ్లం లేని పెయింట్ రిమూవర్ పూసి, ప్లాస్టిక్ గరిటెతో గీకాను. మిగిలిన మూలలకు బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో సన్నటి రేణువులు కొట్టి గీకడం. ఇక్కడ నాకు జరిగిన నష్టం చెప్పాలి. కొన్నేళ్ల కింద ఇలాంటివే రెండు చక్రాలను బయట ఒక కోటింగ్ షాపులో ఇచ్చాను, పేరు అనవసరం. అంతకుముందు ఇనుప గేట్లు కొట్టిన గ్రిట్‌తోనే, అంటే అవే రేణువులతో, వాళ్లు వీటినీ కొట్టేశారు. కోటింగ్ అయ్యాక అద్దంలా ఉన్నాయి. ఒక్క వానాకాలం గడిచేసరికి పెయింట్ కింద ఆవగింజలంత బొబ్బలు లేచాయి. గీకి చూస్తే ప్రతి బొబ్బ కింద సున్నంలాంటి తెల్లపొడి. లోహంలో గుచ్చుకుపోయిన ఇనుప రేణువుల పనే అది. మెగ్నీషియం, ఇనుము ఆనుకుని ఉండి మధ్యలో తడి చేరితే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది, తరిగిపోయేది ఎప్పుడూ మెగ్నీషియమే. ఆ రెండు చక్రాలను మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి బ్లాస్టింగ్ నేనే దగ్గరుండి చేయిస్తాను. గాజుపూసలైనా, అల్యూమినియం ఆక్సైడ్ అయినా కొత్త సంచి విప్పాలి, ప్రెషర్ తక్కువ పెట్టాలి.

ఇక అసలు పని, పరీక్ష. మీ టైమంతా ఇక్కడే పెట్టండి.

కాజీపేటలో ఆగిన రైలు చక్రాలను సుత్తితో తట్టుతూ వెళ్లేవాళ్లను మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుగా పలికితే పగులున్నట్టు. ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. మెగ్నీషియం కంపనాన్ని మింగేసే లోహం. మంచి చక్రం కూడా మొద్దుగానే పలుకుతుంది. కాబట్టి చెవిని నమ్మకండి, రంగును నమ్మండి. డై పెనెట్రెంట్ అని మూడు డబ్బాల కిట్ వస్తుంది. ముందు క్లీనర్‌తో తుడిచాను. ఎర్ర డై కొట్టి పదిహేను నిమిషాలు ఆగాను. పైనున్న డైని గుడ్డతో తుడిచేశాను. ఇప్పుడు తెల్ల డెవలపర్ సన్నగా కొడుతున్నాను. చూస్తూ ఉండండి.

ఈ మూడో చక్రం, ఆకు, అంటే స్పోక్, వచ్చి మధ్య భాగాన్ని కలిసే మూల. మొదట ఏమీ లేదు. ఇప్పుడు వెంట్రుకలాగా ఒక ఎర్ర గీత పైకి వస్తోంది. వేలితో తడిమితే ఏమీ తగలదు. పాలిష్ కొట్టి పంపి ఉంటే ఇది మెరుస్తూ మళ్లీ బండి కిందికే వెళ్లేది.

ఓనర్‌కు ఫోటో పంపితే, "వెల్డింగ్ పెట్టలేమా తమ్ముడూ, ఒరిజినల్ చక్రం కదా" అన్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. మెగ్నీషియాన్ని ఆర్గాన్ వాయువుతో టిగ్ వెల్డింగ్ చేయవచ్చు, రిమ్ అంచున చిన్న పెచ్చు ఊడితే తెలిసిన చేతులు బాగుచేస్తాయి కూడా. కానీ ఆకు మొదట్లో, బోల్టు రంధ్రాల చుట్టూ పగులుంటే నేను చేయను, చేయించను. బండి బరువంతా మోసే చోటు అది. మలుపులో ఆ చక్రం విరిగితే లోపల ఉన్న మనిషి సంగతేంటి? "అన్నా, దీన్ని హాల్లో గోడకు పెట్టుకోండి, రోడ్డు మీదికి మాత్రం వద్దు" అని చెప్పాను. ఒప్పుకున్నారు.

మిగతా నాలుగింటిలో గీత రాలేదు. డయల్ గేజ్ పెట్టి తిప్పితే వంకర కూడా లేదు. బోల్టు రంధ్రాలు కోలగా సాగలేదు. డిక్కీలో పడి ఉన్న స్టెప్నీయే అన్నింటికంటే బాగుంది. అది మూడో చక్రం స్థానంలోకి వెళుతుంది.

పూత విషయానికొస్తే, గీకిన మెగ్నీషియం మీద నేరుగా పెయింట్ నిలవదు. కింద రసాయన పూత కావాలి. పాత పద్ధతి క్రోమేట్. బాగా పనిచేస్తుంది కానీ అందులో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే పదార్థం. ఇంట్లో టబ్బు పెట్టి చేసుకుని ఆ నీళ్లు మోరీలో వదిలే పని చేయకండి, ఆ మోరీ చివరికి ఏదో చెరువులోనే కలుస్తుంది. క్రోమియం లేని పూతలు కూడా ఇప్పుడు ఉన్నాయి. ఏదైనా సరే, తేలిక లోహాలకు పూత వేసే అనుమతి ఉన్న యూనిట్‌కే ఇవ్వండి, నేను అలాగే చేయించాను. తిరిగి రాగానే చేతికి గ్లవుజులు వేసుకుని, ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దానిపైన టూ ప్యాక్ పాలియురిథేన్ పెయింట్. పౌడర్ కోటింగ్ ఎందుకు వద్దంటున్నానంటే, దాన్ని ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల్లో కాలుస్తారు. పాత పోతలో, అంటే అచ్చులో పోసిన లోహంలో, సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోని గాలి వేడికి బయటికొచ్చి పూతలో బుడగలు చేస్తుంది. కొన్ని మిశ్రమాల గట్టిదనం కూడా ఆ వేడికి మారవచ్చు. నట్టు కూర్చునే గుంటలో మాత్రం పెయింట్ మందంగా ఉండకూడదు. మందంగా ఉంటే అది నలిగి నట్టు లూజవుతుంది.

బిగించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. తుప్పు పట్టకూడదని కాపర్ గ్రీజో, గ్రాఫైట్ గ్రీజో పూస్తారు. రాగి, గ్రాఫైట్ రెండూ మెగ్నీషియానికి ఇనుముకంటే కూడా చెడ్డ పొరుగు. హబ్ ముఖాన్ని, అంటే బండివైపు చక్రం ఆనుకునే చోటును, శుభ్రం చేసి పలుచగా పెయింట్ వేయండి, చాలు. బ్యాలెన్సింగ్‌కు రిమ్ అంచుకు కొట్టే క్లిప్ బరువులు వద్దు, పెయింట్ చిట్లుతుంది. అంటించే బరువులే పెట్టించండి. పోతలోంచి గాలి సన్నగా కారుతుంటే ట్యూబు వేసుకోండి.

ఇప్పుడు కొత్త స్టెప్నీ. అదే డిజైన్‌లో అల్యూమినియం చక్రాలు దొరుకుతున్నాయి. కొనేముందు పీసీడీ (బోల్టుల మధ్యగా గీసిన వృత్తం వ్యాసం), ఆఫ్‌సెట్ (హబ్‌కు ఆనే ముఖం చక్రం వెడల్పు మధ్య నుంచి ఎంత దూరమో), వెడల్పు, మధ్య రంధ్రం, ఎంత బరువు మోస్తుందన్నది, అన్నీ కొలతలతో సరిచూసుకోండి. ఎంజీబీకి నాలుగు బోల్టులు, పీసీడీ 114.3 మిల్లీమీటర్లు. పాత ఫియట్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఫియట్‌ది 98, మార్కెట్లో ఎక్కువగా దొరికేది 100. రెండు మిల్లీమీటర్లే కదా అని లాగి బిగిస్తారు. బోల్టు వంకరగా కూర్చుంటుంది, టైట్ అయినట్టే అనిపిస్తుంది, దారిలో వదులవుతుంది. అలాగే మెగ్నీషియం చక్రానికి వాడిన నట్లు అల్యూమినియం చక్రానికి సరిపోకపోవచ్చు. నట్టు ఏటవాలు కోణం చక్రం గుంటతో కలిసిందో లేదో చూసి, స్టెప్నీ నట్లను విడిగా ఒక సంచిలో డిక్కీలో పెట్టండి.

నన్నడిగితే, రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే బండికి ఐదూ అల్యూమినియంవే వేసేయమంటాను. ఈ అన్న ఆదివారాలు మాత్రమే తీస్తారు, వాన పడితే తీయరు. అందుకే మెగ్నీషియంవి మళ్లీ ఎక్కిస్తున్నాను. ఏడాదికోసారి చక్రాలు విప్పి, లోపలివైపు బొబ్బలు, తెల్లపొడి ఉన్నాయేమో చూస్తానని మాటిచ్చారు.

రేపు పొద్దున్నే బండి హైదరాబాద్ బయల్దేరుతోంది. జనగామలో టీకి ఆగినప్పుడు చక్రాలు చల్లారనిచ్చి, టార్క్ రెంచ్‌తో పదహారు నట్లూ మళ్లీ చూడమని చెప్పాను. రెంచ్ డిక్కీలోనే పెట్టాను, మ్యాన్యువల్‌లో ఉన్న టార్క్ అంకెను దాని హ్యాండిల్ మీద మార్కర్‌తో రాసి మరీ ఇచ్చాను.